ఇంకొక్క పుట వెనక్కి

పోయిన వారం మనం ఒర్మిదాస్ బిలోదోని చర్చి నడిమిట్లో నిలబెట్టి వచ్చాం. దెలిమాకీ దొనాకీ రెండో ఆదివారం పెళ్ళి చాటింపు చదవడం ఫాదర్ గారు ముగించారో లేదో, ఆ పెద్దమనిషి ముందు వరస బల్లలోంచి లేచాడు. మీసం రెండు పక్కలా దువ్వుకున్నాడు. "పిల్లా సాంషగ్రానే, పిల్లాడూ సాంషగ్రానే, ఇంటిపేరు ఒకటే. ఇద్దరి ముత్తాతలూ ఒక తల్లి బిడ్డలు. నాలుగో తరం దాటలేదు. ఈ పెళ్ళి చెల్లదు" అన్నాడు. అని కూర్చున్నాడు. తన కొడుకు దెలిమాని చేసుకుందామని మూడు చలికాలాలు వరసగా దెలిమా వాళ్ళ పొయ్యి పక్కన కూర్చుని, ఉత్త చేతులతో తిరిగొచ్చిన సంగతి మాత్రం చెప్పలేదు. చెప్పనక్కర్లేదు. సెంతార్మెల్‌లో అది కుక్కలకి కూడా తెలుసు.

నాలుగు తరాల లోపు ఒకే మూలపురుషుడుంటే బిషప్పు గారి అనుమతి లేనిదే పెళ్ళి లేదు. అనుమతి రావాలంటే మూడు వారాలు. విభూది బుధవారం పది రోజుల్లో పడింది, పెళ్ళి దాని ముందు మంగళవారానికి పెట్టుకున్నారు. ఆ తర్వాత నలభై రోజుల తపస్సుకాలం, ఏ చర్చిలోనూ పెళ్ళి గంట మోగదు. పాస్కు పండగ, అదే ఈస్టర్, అయ్యేసరికి నది మీద మంచు విడిపోతుంది, దొనా దుంగలు తేలించుకుపోయే పనికి నదిలోకి దిగుతాడు, మళ్ళీ గడ్డి కోతలకే ఇంటికి రావడం. అన్నాళ్ళలో ఒర్మిదాస్ కొడుకు ఆ పొయ్యి పక్కకి ఎన్నిసార్లయినా రావచ్చు. పెళ్ళికని పిండి పొరల్లో పంది మాంసం కూరి కాల్చిన ఇరవై రెండు పైలు దెలిమా వాళ్ళ చలిగదిలో రాళ్ళలా గడ్డకట్టి కూర్చున్నాయి. తపస్సుకాలం వస్తే వాటిని ముట్టుకోవడానికి కూడా లేదు.

ఫాదర్ గారు ఒక్క దారి చూపించారు. "నోటి మాటలు నాకొద్దు. ఆ ముత్తాతలు పుట్టింది నది అవతల గ్రాంద్‌పాస్‌లో. అక్కడి పుస్తకాలు చూసి, అక్కడి ఫాదర్ గారు సంతకం పెట్టిన కాగితం శనివారం చీకటి పడేలోపు నా బల్ల మీద ఉండాలి. అభ్యంతరం చెప్పిన మనిషి కూడా వెళ్ళాలి. తన కళ్ళతో తనే చూడాలి."

శనివారం పొద్దున్నే దెలిమా మేనత్త ఎగ్జిల్డా వాకిట్లో దొనా బాబాయి తెలెస్ఫోర్ మంచుబండి వచ్చి ఆగింది.

ఎగ్జిల్డా కిటికీలోంచే చూసింది. గుర్రం జూలు దువ్వి ఉంది. మెడపట్టెకి గంటలు కొత్తవి. తెలెస్ఫోర్ గడ్డం గీసుకున్నాడు, చెవి కింద ఒకచోట కోసుకున్నాడు కూడా. అవన్నీ చూసి ఆమె శాలువా కప్పుకుంది, తీసి ఇంకో శాలువా కప్పుకుంది, బయటికొచ్చింది.

"చలి బాగా ఉంది" అన్నాడు తెలెస్ఫోర్.

"ఉంది" అంది ఎగ్జిల్డా.

ఈ ముప్ఫై ఒక్క ఏళ్ళలో వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నవన్నీ ఒకచోట రాస్తే, మంచు పడిందనీ, పడలేదనీ, గడ్డి బాగా పెరిగిందనీ, అంతకు మించి ఉండదు. అంతకు ముందు సంగతి వేరు. అప్పుడు ఆమెకి ఇరవై రెండు, అతనికి ఇరవై ఆరు. పెళ్ళి గౌను కుట్టడం కూడా అయిపోయింది. ఆనాటి ఫాదర్ గారు వేళ్ళ మీద లెక్కపెట్టి, "మీ తాతలు అన్నదమ్ములు కదమ్మా, ఇది మూడో తరం" అని తల అడ్డంగా ఊపారు. బిషప్పు గారి కాళ్ళ మీద పడి అడిగితే ఏమయ్యేదో ఎవరికీ తెలియదు. ఎగ్జిల్డా వాళ్ళ నాన్న అడగనన్నాడు. తెలెస్ఫోర్ ఇంకెవరినీ చేసుకోలేదు. ఎగ్జిల్డా తల్లి లేని మేనకోడలిని పెంచింది. ఆ మేనకోడలే దెలిమా. ఆ పిల్ల ఊళ్ళో ఉన్న కుర్రాళ్ళందరినీ వదిలి, తెలెస్ఫోర్ అన్నగారి కొడుకు దొనాని కోరుకుంది. ఒక తరం దూరమైంది కదా, ఎవరు లెక్కపెడతారులే అనుకున్నారు రెండిళ్ళవాళ్ళూ. ఒర్మిదాస్ లెక్కపెట్టాడు.

ఆ ఒర్మిదాస్ ఇప్పుడు చెవుల టోపీ బిగించుకుని బండి ఎక్కి, సరిగ్గా నడిమిట్లో కూర్చున్నాడు.

"మీ ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టానంటే ఊరు నన్నంటుంది, మామ్‌జెల్ ఎగ్జిల్డా" అన్నాడు. మామ్‌జెల్ అని పెళ్ళికాని పిల్లలని పిలుస్తారు. యాభై మూడేళ్ళ మనిషిని అలా పిలవడం ఒర్మిదాస్‌కి సరదా.

"నడిమిట్లో వెచ్చగా ఉంటుందని చెప్పు, చాలు" అంది ఎగ్జిల్డా.

ఎలుగుతోలు దుప్పటి ముగ్గురి మీదా పరిచారు. నది మధ్యకి వచ్చేసరికి అందులో ముప్పాతిక భాగం ఒర్మిదాస్ మోకాళ్ళ కిందికి పోయింది. మంచు మీద దారి చూపడానికి పాతిన ఫర్ కొమ్మలు ఒక్కొక్కటే వెనక్కి జరుగుతున్నాయి. సరిగ్గా నడిమి కొమ్మకి ఎవరో ఎర్రగుడ్డ కట్టారు. ఒర్మిదాస్ నోరు మాత్రం ఆగలేదు.

"సాంషగ్రాన్ అంటే దిగుల్లేనివాడని కదా అర్థం. తెలెస్ఫోర్, నీ మొహం చూస్తే, ఆ పేరు పెట్టినాయన ఆ పూట తాగి ఉన్నాడేమో అనిపిస్తుంది."

తెలెస్ఫోర్ పగ్గాలు కదిపాడు. గుర్రం తోక ఎత్తింది. ఆ తర్వాత కాసేపు ఒర్మిదాస్ ముక్కు మూసుకుని ఊరుకున్నాడు. తెలెస్ఫోర్ మొహంలో ఏమీ మారలేదు కానీ, కంటి చివర ఒక ముడత లేచి పడుకోవడం ఎగ్జిల్డా చూసింది. ఆ ముడత ఆమెకి తెలుసు. ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందట కూడా అది అక్కడే ఉండేది.

గ్రాంద్‌పాస్ ఫాదర్ మార్కూ గారికి ఎనభై దగ్గర పడ్డాయి. ఆయన ఇంటిని ఒలివీన్ చూసుకుంటుంది, ఆయన్ని కూడా. తలుపు తీసి ముగ్గురినీ తిన్నగా వంటగదిలోకి తీసుకుపోయింది.

"ఆఫీసు గదిలో పొయ్యి వెలిగించలేదు. ఫాదర్ గారికి వంటగదిలోనే భక్తి ఎక్కువ" అంది.

ఫాదర్ గారు నిజంగానే పొయ్యి పక్కన ఊగుడు కుర్చీలో ఉన్నారు. బల్ల మీద సూపుకని ఒలివీన్ ఏరుతున్న ఎండు బఠాణీలు కుప్పగా ఉన్నాయి. ఎగ్జిల్డా వచ్చిన పని చెప్పింది. ఆయన విన్నారు. ముగ్గురినీ కళ్ళద్దాల పైనుంచి చూశారు.

"మీరు ముగ్గురూ ఒకరికొకరు ఏమవుతారు?"

"ఈ ఇద్దరూ వరసకి అన్నాచెల్లెళ్ళు. నేను వీళ్ళకి ఏమీ కాను, దేవుడి దయ" అన్నాడు ఒర్మిదాస్.

"అది పుస్తకం చెప్పాలి నాయనా. మనం చెప్పేది కాదు."

ఒలివీన్ పుస్తకాలు తెచ్చింది. ముందు పేర్ల పట్టిక. ఎప్పుడో ఒక ఫాదర్ గారు పుట్టిన పిల్లల జ్ఞానస్నానాలన్నీ అక్షరాల వరసలో రాసిపెట్టినది. ఫాదర్ మార్కూ గారి వేలు పుట మీదుగా నెమ్మదిగా కిందికి దిగింది, ఒకచోట ఆగింది.

"సాంషగ్రాన్, అగుస్తాన్. దాని కిందే సాంషగ్రాన్, ప్రోస్పేర్."

అగుస్తాన్ ఎగ్జిల్డా తాత. ప్రోస్పేర్ తెలెస్ఫోర్ తాత.

ఒర్మిదాస్ బల్ల మీద చరిచాడు. బఠాణీలు ఎగిరిపడ్డాయి. "ఒకదాని కింద ఒకటి! కవలపిల్లల్లా! ఇక లేవండి, మంచు మెత్తబడకముందే ఇంటికి పోదాం."

"నా బఠాణీలు ఏరి వెళ్ళు" అంది ఒలివీన్.

ఎగ్జిల్డాకి ఈ మాట కొత్త కాదు. ఊళ్ళో తాతలిద్దరి సమాధుల మీదా ఒకటే ఇనప శిలువ, దాని మీద 'సాంషగ్రాన్ సోదరులు' అని ఉంటుంది. చిన్నప్పటినుంచీ చూస్తోంది. అయినా ఆమె కూర్చున్నచోటినుంచి లేవలేదు. చలిగదిలో పైలు గుర్తొచ్చాయి. వాటికి పిండి పిసికిన దెలిమా మోచేతులు గుర్తొచ్చాయి.

"ఈ పట్టిక రాసినాయన మా తాతని ఎరుగుదురా ఫాదర్ గారూ?"

"ఆయన ఈ ఊరు వచ్చేసరికి మీ తాత నది దాటి ముప్ఫై ఏళ్ళు, అమ్మా."

"అయితే పట్టిక వద్దు. పుట తీయండి."

ఫాదర్ గారు నవ్వి, ఇంకో పుస్తకం దగ్గరికి లాక్కున్నారు. భూతద్దం తీసుకున్నారు. కాగితం గోధుమరంగు, సిరా అంతకంటే కొంచెం ముదురు, అంతే తేడా.

"వెయ్యిన్ని ఏడువందల డెబ్భై తొమ్మిది. పియేర్ సాంషగ్రాన్‌కీ, అతని ధర్మపత్ని మరీ-జొసెఫ్త్ క్లుతియేకీ పుట్టిన అగుస్తాన్." రెండు పుటలు తిప్పారు. "ఎనభై ఒకటి. జాన్-బతీస్త్ సాంషగ్రాన్‌కీ, అతని ధర్మపత్ని మరీ-రేన్ బిలోదోకీ పుట్టిన ప్రోస్పేర్."

ముందుగా అందుకున్నది ఎగ్జిల్డాయే.

"తండ్రులు వేరు" అంది. "తల్లులూ వేరు. వాళ్ళు అన్నదమ్ములు కారు!"

"ఆగండాగండి" అన్నాడు ఒర్మిదాస్. అతని ధ్యాస ఇంకెక్కడో ఉంది. "ఆ రెండో తల్లి పేరేమన్నారు?"

"మరీ-రేన్ బిలోదో." మన పుస్తకాల్లో ఆడమనిషి చచ్చేదాకా పుట్టింటి పేరుతోనే ఉంటుంది. ఆ పేరు ఇప్పుడు ఒర్మిదాస్ మొహంలోకి సూటిగా చూస్తోంది. "మీదీ బిలోదోనే కదూ నాయనా?" అన్నారు ఫాదర్ గారు.

"మా ముత్తాతకి చెల్లెలొకామె ఉండేదని మా నాయనమ్మ అనేది. రేనెట్ అని. ఇంట్లో చెప్పకుండా వెళ్ళి ఒక సిపాయిని చేసుకుందని..." ఒర్మిదాస్ గొంతు సన్నబడింది.

తెలెస్ఫోర్ పొద్దుటినుంచీ మొట్టమొదటిసారి అతని వైపు పూర్తిగా తిరిగాడు.

"అయితే అన్నయ్యా," అన్నాడు, "పోయేటప్పుడు దుప్పటి కాస్త ఇటు వదలచ్చుగా."

ఒలివీన్ ఏప్రన్ అంచుతో నోరు నొక్కుకుంది. ఫాదర్ గారి కుర్చీ తనంతట తనే ఊగింది. ఒర్మిదాస్ ఎర్రబడ్డాడు, టోపీ తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. కానీ అంత తేలిగ్గా ఓడిపోయే మనిషి కాదు అతను.

"తండ్రులు వేరైతే అయింది. ఆ పియేరూ ఈ జాన్-బతీస్తూ అన్నదమ్ములైతే? ఇంటిపేరు ఒకటే కదా! అప్పుడేమంటారు?"

"అప్పుడు లెక్కపెడదాం" అన్నారు ఫాదర్ గారు.

ఆయన బఠాణీల కుప్పలోంచి ఒక గింజ తీసి బల్ల మీద పైన పెట్టారు. "ఇతను మూలపురుషుడు. ఉన్నాడనుకుందాం." దాని కింద ఎడమవైపు ఒక గింజ, కుడివైపు ఒక గింజ. "పియేర్. జాన్-బతీస్త్. ఒకటో తరం." ఇంకో జత. "అగుస్తాన్, ప్రోస్పేర్. రెండు." ఇంకో జత. "మీ నాన్నలు. మూడు." ఇంకో జత. "మీ వయసువాళ్ళు, నాలుగు." ఆఖరి జత. "పిల్లలు. దెలిమా, దొనా. ఐదు. చర్చి పట్టింపు నాలుగో గింజ దాకానే. ఐదో గింజ ఎవరిని చేసుకున్నా మాకు అడ్డులేదు."

"అంటే?"

"అంటే, వాళ్ళు అన్నదమ్ములైనా సరే, మీ పిల్లకి మంగళవారం పెళ్ళి."

ఒలివీన్ శిలువ గుర్తు వేసుకుని ఎగ్జిల్డాని రెండు బుగ్గల మీదా ముద్దుపెట్టుకుంది. అల్మారాలోంచి చక్కెర కూరిన పై ఒకటి తీసి ముక్కలు కోసింది, ఒర్మిదాస్‌కి కూడా. అతను వద్దనలేదు. తింటూ, పెళ్ళికి పిలిస్తే రాకుండా ఎందుకుంటాను, పిల్లాడు నాకు చుట్టం కదా, నేను మొదటినుంచీ అంటూనే ఉన్నాను అన్నాడు. మొదటినుంచీ ఏమంటున్నాడో ఎవరూ అడగలేదు. ఫాదర్ గారు కాగితం ముందుకు లాక్కుని, కలం సిరాలో ముంచి రాయడం మొదలుపెట్టారు.

ఎగ్జిల్డా నవ్వుతోంది. దెలిమా మొహం కళ్ళముందు కదులుతోంది. అప్పుడు ఎందుకో బల్ల వైపు చూసింది.

తెలెస్ఫోర్ తన వాటా చక్కెర పైని ముట్టుకోలేదు. అతను బఠాణీలని చూస్తున్నాడు. అతని చూపుడువేలు, ఎప్పుడో గొడ్డలికి గోరు పోయిన ఆ వేలు, నాలుగో జత పక్కన ఆగి ఉంది. ఎడమవైపు నాలుగో గింజ ఎగ్జిల్డాది. కుడివైపు నాలుగో గింజ అతనిది. చర్చి పట్టింపు నాలుగో గింజ దాకానే. దాకా అంటే, అది కూడా కలిపి.

ఆమె నవ్వు ఆగిపోయింది.

"ఫాదర్ గారూ," అన్నాడు తెలెస్ఫోర్, "ఇంకొక్క పుట వెనక్కి తిప్పుతారా."

"అక్కర్లేదయ్యా. మీ వాడి పెళ్ళికి ఇది చాలు."

"మా వాడి పెళ్ళికి కాదు."

కెటిల్ మూత టకటకలాడింది. ఒర్మిదాస్ నోరు తెరిచాడు. అరవై ఒక్క ఏళ్ళ జీవితంలో మొదటిసారి, ఆ తెరిచిన నోటిని ఏమీ అనకుండానే మూసేశాడు.

ఫాదర్ గారు కలం పక్కన పెట్టారు. తెలెస్ఫోర్‌ని చూశారు. ఎగ్జిల్డాని చూశారు. కళ్ళద్దాలు తీసి అంగీ చివరతో తుడుచుకోవడానికి చాలాసేపు పట్టింది ఆయనకి.

"ఒలివీన్, పై అరలో ఎర్ర తోలు అట్ట పుస్తకం."

అది పెళ్ళిళ్ళ పుస్తకం. పుటలు ఒకదానికొకటి అంటుకుపోయి, విడదీస్తుంటే చిన్నగా చిట్లిన చప్పుడు. ఎగ్జిల్డా అటు చూడలేక చెదిరిన బఠాణీలు ఏరింది. ఏరినవి మళ్ళీ ఏరింది. పక్కన తెలెస్ఫోర్ ఊపిరి వినిపిస్తోంది, బరువు లాగి నిలబడ్డ గుర్రం ఊపిరిలా. పియేరూ జాన్-బతీస్తూ, నూట యాభై ఏళ్ళ కింద ఈ గడ్డ మీద దిగిన ఇద్దరు కుర్రాళ్ళు, ఒక తల్లి కడుపున పుట్టారా లేదా. అంతే ప్రశ్న.

"ఇదిగో. అరవై మూడు" అన్నారు ఫాదర్ గారు. భూతద్దం వంగింది. "పియేర్ తెసియే... ఉరఫ్ సాంషగ్రాన్. దండులో సిపాయి. ఫ్రాన్సులో ప్వతూ ప్రాంతం వాడు. తండ్రి మాతురాన్ తెసియే, పిండిమర పనివాడు."

"తెసియేనా?" అంది ఎగ్జిల్డా. ఆ పేరు ఎన్నడూ వినలేదు. అది తన ఇంటిపేరు.

"ఆగమ్మా." పుటలు. పుటలు. పొయ్యిలో కట్టె విరిగి పడింది. "అరవై ఎనిమిది. జాన్-బతీస్త్ గుర్దో ఉరఫ్ సాంషగ్రాన్. ఇతనూ సిపాయే, వేరే దళం, వేరే కెప్టెన్. అదే దేశంలో బ్రెతాన్ సముద్రం ఒడ్డువాడు. తండ్రి ఈవ్ గుర్దో, చేపలు పట్టేవాడు."

ఆయన తలెత్తారు. ముందు భుజాలు కదిలాయి, తర్వాత పొట్ట, తర్వాత నవ్వు బయటికొచ్చింది.

"ఆ రోజుల్లో దండులో చేరినవాడికి ఒక కోటు ఇచ్చేవారు, ఒక తుపాకి ఇచ్చేవారు, ఒక పేరు ఇచ్చేవారు. పూలపేర్లు, కూరల పేర్లు, కెప్టెన్ నోటికి ఏదొస్తే అది. ఒక దళంలో ఒక పేరు ఒక్కడికే. పక్క దళంలో అదే పేరు ఇంకొకడికి. దిగుల్లేనివాళ్ళు ఎన్ని దళాల్లో ఎంతమంది ఉన్నారో! కోటు చిరిగిపోయింది, తుపాకి తుప్పుపట్టింది, పేరు మాత్రం మనవలకి దిగింది. అసలు ఇంటిపేరు ఎక్కడో దారిలో పడిపోయింది."

"మరి తాతలు? వాళ్ళకి తెలియదా?" అన్నాడు తెలెస్ఫోర్.

"తెలియకేం. ఇద్దరు కుర్రాళ్ళు, ఒకే పిలుపు, ఒకే గొడ్డలి పట్టుకుని కొత్త నేల నరకడానికి నది దాటారు. అన్నయ్యా, తమ్ముడూ అని పిలుచుకుని ఉంటారు. అప్పటికి మీ ఊళ్ళో ఉన్నవల్లా చెట్లే, వాటికి అది నిజమో కాదో ఏం తెలుసు? తర్వాత వచ్చినవాళ్ళు నమ్మారు. శిలువ మీద కూడా రాశారు." ఆయన గొంతు తగ్గింది. "ముప్ఫై నాలుగేళ్ళుగా నేనిక్కడే ఉన్నాను. సెంతార్మెల్ నుంచి ఈ పుస్తకం అడగడానికి ఒక్కరు రాలేదు. మీ ఊరివాళ్ళకి అన్నీ ముందే తెలుసు కదా."

ఆయన చెయ్యి చాచి, పైన ఒంటరిగా ఉన్న బఠాణీని, ఆ మూలపురుషుణ్ణి, రెండు వేళ్ళతో తీసి ఒలివీన్ గిన్నెలో పడేశారు. టంగుమంది.

"ఇతను లేడు. ఇలాంటి మనిషి అసలు పుట్టనే లేదు."

ఎగ్జిల్డా గిన్నెలోకి చూసింది. ముప్ఫై ఒక్క ఏళ్ళు తమ ఇద్దరి మధ్యా నిలబడిన మనిషి రాత్రి సూపులోకి పోయాడు. ఏడుపు వస్తుందనుకుంది. నవ్వు వచ్చింది. చిన్నగా మొదలై, ఆపుకోలేక, బల్ల అంచు పట్టుకుని నవ్వింది. తెలెస్ఫోర్ కంటి చివర ముడత లేచింది, ఈసారి పడుకోలేదు. ఒలివీన్ ఎందుకో తెలియకుండానే నవ్వింది. ఒర్మిదాస్ ముక్కు చీదుకుని, పొగ, ఈ పొయ్యికి పొగ ఎక్కువ, అన్నాడు.

కాగితం పూర్తయింది. సాక్షి సంతకం ఒర్మిదాస్‌ది. అతను నాలుక బయటపెట్టి, 'ఒర్మిదాస్ బిలోదో' అని రాశాడు. ఒక క్షణం ఆలోచించి, దాని పక్కన 'పిల్లాడి చుట్టం' అని కూడా రాశాడు.

"ఫాదర్ గారూ, ఇలాంటిదే ఇంకోటి రాస్తారా? పేర్లు వేరే" అన్నాడు తెలెస్ఫోర్ టోపీని గుండ్రంగా తిప్పుతూ.

"ఎవరి పేర్లు?"

తెలెస్ఫోర్ టోపీ తిరుగుతూనే ఉంది.

"ఎవరివో ఈ కెటిల్‌కి కూడా తెలుసు, రాయండి రాయండి" అన్నాడు ఒర్మిదాస్. "మూడు చాటింపులు అక్కర్లేకుండా ఒక్కదానితో సరిపెట్టమని మా ఫాదర్ గారికి నేను చెబుతాను. అభ్యంతరం చెప్పేవాడు ఎవడైనా లేస్తే వాడి సంగతి కూడా నేను చూస్తాను."

"లేచేది నువ్వొక్కడివేగా" అంది ఒలివీన్.

రెండో కాగితం ఆరాక ఫాదర్ గారు దాన్ని తెలెస్ఫోర్ చాచిన చేతికి ఇవ్వలేదు. ఎగ్జిల్డాకి ఇచ్చారు. ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి ఉన్ని చేతితొడుగులో దాచుకుంది. తిన్నగా బండి వైపు నడిచింది.

బండి దగ్గర ఒర్మిదాస్ నడిమిట్లో కూర్చోనన్నాడు. "అక్కడ ఉడికిపోతున్నాను" అని అంచుకి జరిగి, దుప్పటంతా వాళ్ళిద్దరి మీదికి తోసి, తన కాళ్ళకి ఖాళీ వోట్సు గోతం చుట్టుకున్నాడు. గుర్రం ఇంటిదారి పట్టి హుషారుగా నడిచింది. ఎండ మంచు మీద పడి కళ్ళు తెరవనివ్వడం లేదు. ఫర్ కొమ్మలు ఒక్కొక్కటే వచ్చి వెనక్కి పోయాయి. తెలెస్ఫోర్ రెండుసార్లు దగ్గాడు. చలి తగ్గిందన్నాడు. ఎగ్జిల్డా ముందున్న కొమ్మలనే చూస్తోంది.

ఎర్రగుడ్డ కట్టిన కొమ్మ దగ్గరికి రాగానే ఆమె అంది, "ఆపు."

అతను ఆపాడు. గంటలు ఆగాయి. రెండు ఒడ్డులూ సమానమైన దూరంలో ఉన్నాయి.

"ఇక్కడా? మంచు మీదా?" అన్నాడు ఒర్మిదాస్.

"నువ్వు అటు చూడు" అంది ఎగ్జిల్డా. తర్వాత తెలెస్ఫోర్ వైపు తిరిగింది. "ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందట మా నాన్నని అడిగావు. ఆనాటి ఫాదర్ గారిని అడిగావు. ఇవాళ ఈ ఫాదర్ గారిని అడిగావు. ఊళ్ళో నువ్వు అడగని మనిషి ఒక్కరే మిగిలారు."

తెలెస్ఫోర్ పగ్గాలు మోకాలి మీద పెట్టాడు. టోపీ తీశాడు. నెరిసిన జుట్టు మీదినుంచి ఆవిరి లేచింది. మాటలు వెతుక్కోవడానికి అతనికి ఎప్పుడూ ఆలస్యమే. ఈసారి మాత్రం అవి అక్కడే ఎక్కడో సిద్ధంగా ఉన్నట్టున్నాయి.

"ఎగ్జిల్డా తెసియే," అన్నాడు, ఆ పేరు నోట్లో కొత్తగా, జాగ్రత్తగా పెట్టుకుంటూ, "నన్ను చేసుకుంటావా?"

ఆమె చేతితొడుగులోంచి కాగితం తీసింది. విప్పలేదు. అరచేతిలో పెట్టుకుని చూసింది. కళ్ళు మెరుస్తున్నాయి. అది ఎండకో మరెందుకో.

"చేసుకుంటాను. నా షరతు ఒకటి ఉంది" అంది. "అది విన్నాక, గుర్రాన్ని ఏ ఒడ్డుకి తిప్పుతావో నీ ఇష్టం."

అటు చూస్తున్న ఒర్మిదాస్, అటే చూస్తూ, టోపీ చెవులు రెండూ మెల్లగా పైకి ఎత్తాడు.

ఆ షరతేమిటో వచ్చే వారం.